ఇంటర్‌లో ఫెయిలయ్యారా? ఏడాది వృథా కాకుండా డిగ్రీ సీటు తెచ్చుకోవడం ఎలా?

ఫలితాలు వచ్చిన రోజు చాలా ఇళ్లలో ఒకటే మాట: 'ఇంక ఈ ఏడాది పోయినట్టే.' నిజానికి ఒకటి రెండు సబ్జెక్టులు పోయినంత మాత్రాన ఏడాది పోదు. సకాలంలో కదిలితే అదే ఏడాది డిగ్రీలో చేరొచ్చు. గడువులు మాత్రం ఒకదాని వెంట ఒకటి వచ్చేస్తాయి. తెలంగాణలో ఆ దారులేంటో చూద్దాం.

ముందు ఏం చేయాలి: రీకౌంటింగా, రీవెరిఫికేషనా?

రెండూ ఒకటి కాదు. రీకౌంటింగ్‌లో మార్కుల కూడిక మాత్రమే సరిచూస్తారు. రీవెరిఫికేషన్‌లో దిద్దకుండా వదిలేసిన జవాబులు ఉన్నాయా అని కూడా చూసి, జవాబు పత్రం స్కాన్ కాపీ ఇస్తారు. కొన్నేళ్లుగా ఒక్కో పేపరుకు రీకౌంటింగ్‌కు రూ.100, రీవెరిఫికేషన్‌కు రూ.600 ఫీజు ఉంది. ఫలితాల తర్వాత దరఖాస్తుకు సుమారు వారం రోజులే గడువు ఇస్తారు.

దీని మీద ఎంత ఆశ పెట్టుకోవచ్చు? 2019లో ఫలితాల్లో తప్పులు దొర్లాయని పెద్ద దుమారం రేగింది. తెలుగులో 99 మార్కులు రావాల్సిన ఒక విద్యార్థినికి సున్నా పడింది. దాంతో ఫెయిలైన 3.82 లక్షల మంది పేపర్లనూ ప్రభుత్వం ఉచితంగా రీవెరిఫై చేయించింది. కొత్తగా పాసైంది 1,137 మంది. అంటే ప్రతి వెయ్యి మందిలో సుమారు ముగ్గురు.

కాబట్టి బాగా రాశానన్న నమ్మకం ఉంటే దరఖాస్తు చేయండి. కానీ ఆ ఫలితం కోసం ఎదురుచూస్తూ సప్లిమెంటరీ ఫీజు కట్టడం మానొద్దు. రెండూ ఒకేసారి చేయాలి.

సప్లిమెంటరీ రాస్తే ఈ ఏడాదే చేరొచ్చా?

చేరొచ్చు. 2025లో ఇంటర్ ఫలితాలు ఏప్రిల్ 22న వచ్చాయి. అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్షలు మే 22న మొదలయ్యాయి, వాటి ఫలితాలు జూన్ 16న వచ్చాయి. చదువుకోవడానికి దొరికింది సరిగ్గా నెల. ప్రతి ఏటా తేదీలు కాస్త మారతాయి గానీ వరుస ఇదే.

రాష్ట్రంలో డిగ్రీ ప్రవేశాలు 2016 నుంచి 'దోస్త్' ద్వారా ఆన్‌లైన్‌లో జరుగుతున్నాయి. ఉస్మానియా, కాకతీయ సహా రాష్ట్ర వర్సిటీల పరిధిలోని కాలేజీల్లో బీఏ, బీకాం, బీఎస్సీ, బీబీఏ వంటి కోర్సులు ఇందులో ఉంటాయి. సాధారణంగా మూడు విడతలు, ఆ తర్వాత స్పెషల్ ఫేజ్ ఉంటాయి. సప్లిమెంటరీలో పాసైనవారికి పనికొచ్చేవి చివరి విడతలే. కొన్ని కాలేజీలు దోస్త్ బయట సొంతంగా ప్రవేశాలు చేసుకుంటాయి, వాటి గడువులు వేరు.

ఫలితం వచ్చేలోపు ఏం సిద్ధం చేసుకోవాలి?

- ఆధార్‌కు మీ ఫోన్ నంబర్ లింక్ అయ్యుందో లేదో చూసుకోండి. దోస్త్ ఓటీపీ దానికే వస్తుంది. లింక్ లేకపోతే మీసేవలో వేలిముద్రతో రిజిస్టర్ కావాలి.
- కుల ధ్రువపత్రం, తాజా ఆదాయ ధ్రువపత్రం ముందే తీసుకోండి.
- రిజిస్ట్రేషన్ ఫీజు మొదటి విడతలో రూ.200, తర్వాతి విడతల్లో రూ.400 ఉంటోంది.

సీటు చేజారేది ఎక్కడ?

మొదటిది, ఆప్షన్లు తక్కువగా ఇవ్వడం. పేరున్న ఒకటి రెండు కాలేజీలే పెడితే, కటాఫ్ దాటకపోతే చేతిలో ఏమీ మిగలదు. ఇష్టమైనవి పైన పెట్టి, చేరడానికి అభ్యంతరం లేనివి కింద చేర్చండి.

రెండోది, సెల్ఫ్ రిపోర్టింగ్ మర్చిపోవడం. సీటు వచ్చిందని మెసేజ్ వస్తే సరిపోదు. గడువులోగా లాగిన్ అయి సెల్ఫ్ రిపోర్టింగ్ చేయకపోతే సీటు పోతుంది. చేశాక కూడా మెరుగైన కాలేజీ కోసం తర్వాతి విడతలో ప్రయత్నించొచ్చు. అక్కడ కొత్త సీటు వస్తే మాత్రం పాతది దానంతట అదే రద్దవుతుంది.

మూడోది, అన్నింటికన్నా ప్రమాదకరమైనది: ఓటీపీ వేరేవాళ్ల చేతికివ్వడం. 'మా దగ్గరే ఫ్రీగా రిజిస్ట్రేషన్ చేస్తాం' అని కొందరు కాలేజీల తరఫున ఇంటికే వస్తారు. ఓటీపీ చెబితే తమ కాలేజీ ఒక్కటే ఆప్షన్‌గా పెట్టేయొచ్చు. దోస్త్ ఐడీ, పిన్ మీ దగ్గరే ఉంచుకోండి. సీటు ఖాయం చేసే ఓటీపీని, ఆ కాలేజీలో చేరాలని నిర్ణయించుకున్నాక, స్వయంగా వెళ్లి రిపోర్ట్ చేసేటప్పుడే చెప్పండి.

చివర్లో మిగిలే స్పాట్ అడ్మిషన్లలో చేరితే ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తించదు. ఫీజంతా జేబులోంచే కట్టాలి కాబట్టి ముందు విడతల్లోనే ప్రయత్నించడం మేలు.

పాసయ్యారు, మార్కులే తక్కువ. ఇంజినీరింగ్ సంగతేంటి?

తెలంగాణలో ఎంసెట్ ర్యాంకుకు ఒకప్పుడు ఇంటర్ మార్కుల నుంచి 25 శాతం వెయిటేజీ ఉండేది. 2023లో దాన్ని శాశ్వతంగా తీసేశారు. ఇప్పటి ఈఏపీసెట్‌లోనూ ఇంటర్ మార్కులు తగ్గితే ర్యాంకు తగ్గదు. అయితే గ్రూపు సబ్జెక్టుల్లో కలిపి 45 శాతం, రిజర్వేషన్ ఉన్నవారికి 40 శాతం తప్పనిసరి. యాజమాన్య కోటాలో చేరితే ఇక్కడా ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉండదు.

సప్లిమెంటరీ కూడా పోతే?

పాలిటెక్నిక్, ఐటీఐలకు పదో తరగతి చాలు. పాలిటెక్నిక్‌కు పాలిసెట్ రాయాలి. మూడేళ్ల డిప్లొమా తర్వాత ఈసెట్‌తో నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. రెగ్యులర్ కాలేజీకి వెళ్లకుండానే ఇంటర్ పూర్తి చేయాలంటే తెలంగాణ ఓపెన్ స్కూల్, ఎన్‌ఐఓఎస్ ఉన్నాయి. ఉద్యోగం చేస్తూ డిగ్రీ చదవాలనుకునే ఇంటర్ పాసైనవారికి 1982 నుంచి నడుస్తున్న అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది.

ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ ప్రవేశాలు ఉన్నత విద్యామండలి ఆన్‌లైన్ విధానం ఓఏఎండీసీ ద్వారా జరుగుతాయి. అక్కడి తేదీలు, ఫీజులు వేరు.

తల్లిదండ్రులకు ఒక మాట

మొదటి రెండు రోజులు పక్కింటి పిల్లల మార్కులతో పోల్చకండి. ఫీజు కట్టే పని, ధ్రువపత్రాల పని మీరు చూసుకోండి, చదువు వాళ్లకు వదిలేయండి. పిల్లలు మాట్లాడటం మానేసినా, తిండి మానేసినా 'చూద్దాంలే' అనుకోవద్దు. టెలి మానస్ నంబర్ 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు.