అల విరగని చోటే అసలు ప్రమాదం

ఆదివారం పొద్దున్నే గుంటూరు వైపు నుంచో, బెజవాడ వైపు నుంచో రైలెక్కి చీరాలలో దిగితే చాలు. స్టేషన్ బయట ఆటో మాట్లాడుకుంటే కాసేపట్లో వాడరేవు ఇసుకలో ఉంటారు. ఇంకొంచెం పక్కకు వెళ్తే రామాపురం. జేబులో పెద్దగా డబ్బుల్లేకపోయినా రోజంతా గడిచిపోతుంది. అందుకే వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు ‘బీచ్‌కి పోదామా?’ అంటే చాలు, పది థంబ్స్ అప్‌లు పడిపోతాయి.

ఈ తీరానికి ఇంకో ముఖం కూడా ఉంది. 2024 జూన్‌లో ఏలూరు వైపు నుంచి రామాపురం వచ్చిన నలుగురు యువకులు సముద్రంలో మునిగి చనిపోయారు. 2025 అక్టోబరులో ఒక ఆదివారం వాడరేవులో ఐదు ప్రాణాలు పోయాయి. అందులో ముగ్గురు ఇంజినీరింగ్ విద్యార్థులు. ఇలాంటి వార్త కనబడగానే కింద కామెంట్లలో ‘ఈత రాకుండా ఎందుకు దిగారు?’ అని రాసేస్తాం. కానీ చెరువులో, కాలవలో ఈత నేర్చినవాళ్లు కూడా సముద్రంలో చిక్కుకుంటారు. ఎందుకంటే సముద్రం లాగే తీరు వేరు.

నీళ్లు వెనక్కి ఎలా పోతాయి?

అలలు ఒడ్డుకు నీళ్లు తోస్తూనే ఉంటాయి. వచ్చిన నీళ్లు మళ్లీ లోపలికి పోవాలి కదా! ఒడ్డుకు కొంచెం దూరంలో నీటి అడుగున ఇసుక దిబ్బలుంటాయి. ఆ దిబ్బల్లో ఎక్కడ గండి ఉంటే అక్కడి నుంచి నీళ్లన్నీ ఒక్కసారిగా బయటికి పరుగెడతాయి. సెకండ్ షో వదిలాక హాల్లో జనమంతా ఒకే గేటు మీద పడ్డట్టన్నమాట. దీన్నే రిప్ కరెంట్ అంటారు. బలంగా ఉన్నప్పుడు ఇది సెకనుకు రెండు మీటర్లు కూడా దాటుతుంది. ఒలింపిక్స్‌లో ఈదేవాళ్లు కూడా ఆ వేగానికి ఎదురీది గెలవడం కష్టం.

అసలు చిక్కు ఏంటంటే, ఇది చూడ్డానికి ప్రశాంతంగా ఉంటుంది. రెండు పక్కలా అలలు తెల్లగా విరుగుతుంటాయి. మధ్యలో ఒక పట్టీలా నీళ్లు కాస్త నల్లగా, నునుపుగా కనిపిస్తాయి. ‘అక్కడ అలల్లేవు, అక్కడ దిగుదాం’ అనుకుంటాం. గండి ఉన్నచోట లోతెక్కువ, అందుకే అల విరగదు. అంటే మనం సేఫ్ అనుకున్నదే లాగే చోటు. ఆ పట్టీలో నురుగో, బురద రంగు నీళ్లో లోపలికి పోతూ కనిపిస్తే ఇక డౌటే అక్కర్లేదు.

అందుకే బీచ్‌కి వెళ్లగానే నీళ్లలోకి దూకకండి. కాస్త ఎత్తులో నిలబడి పది నిమిషాలు అలల్ని చూడండి. ఇసుక దిబ్బలు జరుగుతుంటాయి కాబట్టి పోయిన నెల బాగున్న చోటు ఈ నెల బాగుండాలని లేదు. అక్కడి మత్స్యకారుల్ని అడగండి. ‘అన్నా, ఈరోజు ఎక్కడ లాగుతోంది?’ అంటే చెప్తారు. ఎర్రజెండా ఉంటే ఆ పక్కకే పోవద్దు. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ ఎత్తయిన అలలు, ఉప్పెన అలల మీద హెచ్చరికలు ఇస్తుంటుంది. బయల్దేరే ముందు అవీ చూసుకోండి. మనకు ఎండ కాస్తున్నా, ఎక్కడో హిందూ మహాసముద్రంలో పుట్టిన అలలు ఇక్కడికి రావచ్చు.

లాగేస్తే ఏం చేయాలి?

మొదట గుర్తుంచుకోవాల్సింది: రిప్ కరెంట్ మనిషిని అడుక్కి లాగదు, దూరంగా తీసుకెళ్తుంది. భయపడి ఒడ్డు వైపే ఎదురీదేవాళ్లు అలసిపోతారు. ప్రాణం తీసేది ఆ అలసటే. వెల్లకిలా తేలండి, ఊపిరి సర్దుకోండి. చెయ్యెత్తి పిలవండి. అలలు విరిగే వరుస దాటాక మామూలుగా దాని జోరు తగ్గుతుంది. ఈత వస్తే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక అలలతో పాటు ఒడ్డుకు రండి. ఈత రాకపోతే మోకాలి లోతు దాటి వెళ్లొద్దు. మోకాలి లోతులో ఉన్నా సముద్రానికి వీపు పెట్టి సెల్ఫీ తీసుకోవద్దు. ఒక్క పెద్ద అల వస్తే కాళ్ల కింద ఇసుక జారిపోతుంది. తడిసిన జీన్స్‌తో లేవడం కూడా కష్టమే. ఇక మందు తాగినవాణ్ని నీళ్ల దగ్గరికే రానివ్వకండి.

ఫ్రెండ్ కోసం దూకొద్దు

ఇది చదవడానికి కఠినంగా ఉంటుంది. ఒకడు మునుగుతుంటే రెండోవాడు దూకుతాడు, వాడి కోసం మూడోవాడు. ఒక ప్రమాదం మూడు చావులుగా మారేది ఇలాగే. మునిగేవాడు భయంతో దొరికినదాన్ని కిందికి నొక్కి పైకి రావాలని చూస్తాడు. దొరికింది మీ మెడ అయితే ఇద్దరూ పోతారు. స్నేహం లేక కాదు, శరీరం అలా పనిచేస్తుంది.

దూకే బదులు తేలేది ఏదైనా విసరండి. మూత బిగించిన ఖాళీ రెండు లీటర్ల కూల్‌డ్రింక్ బాటిల్, ఫుట్‌బాల్, లారీ ట్యూబు, తాడు ఏదైనా సరే. 2020లో తమిళనాడులోని కొట్టరై డ్యామ్ దగ్గర నలుగురు కుర్రాళ్లు మునిగిపోతుంటే, అక్కడున్న ముగ్గురు మహిళలు తమ ఒంటిమీది చీరలు విప్పి ముడేసి విసిరారు. ఇద్దరు బతికారు. నేత చీరల ఊరు చీరాలలో చీర గట్టిదనం గురించి వేరే చెప్పాలా? చున్నీలైనా ముడేస్తే తాడే. విసిరేవాళ్లు మాత్రం గట్టి నేల మీదే ఉండాలి. ఇంకొకరు వెంటనే గజ ఈతగాళ్లని, పోలీసుల్ని పిలవాలి. ఒకరు మునిగేవాడి మీద నుంచి చూపు తిప్పకూడదు.

బయటికి తీశాక పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం, తలకిందులుగా తిప్పడం వద్దు. ఊపిరి లేకపోతే 108కి ఫోన్ చేయించి, వెంటనే నోటి ద్వారా ఊపిరి ఊది, సీపీఆర్ మొదలుపెట్టండి. ఛాతీ మధ్యలో 30 సార్లు గట్టిగా నొక్కడం, 2 సార్లు ఊపిరి ఊదడం. నిమిషానికి 100 నుంచి 120 వేగం. అంబులెన్స్ వచ్చేదాకా ఆపొద్దు. స్పృహ వచ్చి ‘బాగానే ఉన్నా’ అన్నా ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిందే. ఊపిరితిత్తుల్లోకి వెళ్లిన నీళ్లు కొన్ని గంటల తర్వాత కూడా ఇబ్బంది పెట్టొచ్చు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచంలో మూడు లక్షల మంది నీటమునిగి చనిపోయారు. ఇందులో చాలా చావులు ఆపగలిగినవే. ఈసారి గ్రూపులో బీచ్ ప్లాన్ పడగానే ట్రైన్ టైముతో పాటు ఇంకో రెండు విషయాలు కూడా రాసుకోండి: నీళ్లలోకి దిగకుండా ఒడ్డున కాపలా ఉండేది ఎవరు, తాడు తెచ్చేది ఎవరు. కాపలా ఉన్నవాడికి ఆరోజు బిర్యానీ మిగతావాళ్లు పెట్టించాలి.