పరదేశమున మన బిడ్డలు

బందరులోను, గుడివాడలోను, దివిసీమ పల్లెలలోను అమెరికాలో మనుమలు గల పెద్దలు నేడనేకులు. ఆ పిల్లల యనుభవము ఒక్క తీరున నుండదని వారు గ్రహింపవలెనని మా విన్నపము.

అరుణా మిల్లరు 1964లో హైదరాబాదున జన్మించి, ఏడవయేట అమెరికా చేరెను. 2023లో మేరీలాండు రాష్ట్రమునకు లెఫ్టినెంటు గవర్నరయ్యెను. నీనా దావులూరి 1989లో న్యూయార్కు రాష్ట్రమందలి సిరక్యూజులోనే పుట్టెను. మొదటియామె చేరినది పరదేశము. రెండవయామెకు అదియే జన్మభూమి. అయినను 2013 సెప్టెంబరు 15న నీనాకు మిస్ అమెరికా కిరీటము దక్కగానే, ఆమె అమెరికను కాదనియు, అరబ్బనియు పలువురు దూషించిరి. ఆ వేదికపై ఆమె యాడినది భారతీయ నృత్యమే. బందరునకు చేరువనున్న కూచిపూడి వారి నాట్యము అచట ఒక పిల్లకు ప్రాణము. మరియొకతెకు సెలవుదినపు నిర్బంధము.

పరుల దోషమెన్నుట సులభము. అంతటి చామనచాయ పిల్ల యిచట అందగత్తె యనిపించుకొనునా యను ప్రశ్న ఆనాడు మన దేశముననే పుట్టెను. పెండ్లిచూపులలో మేనిచాయ తరచువారము మనమే. వేసవికి వచ్చిన మనుమని తెలుగు తడబడినచో నవ్వుదుము. వాడే ఘనత గాంచిననాడు మావాడందుము. అచట ఏ దేశమని యడుగుదురు, ఇచట ఇదేమి తెలుగని యడుగుదురు. ఆ బిడ్డ నిలుచుటకు తావేది?

2007 నుండి సిలికానాంధ్ర వారి మనబడి అచటి పిల్లలకు తెలుగు నేర్పుచున్నది. బడి అక్షరమిచ్చును, చనువు తాతగారి యరుగుమీద దొరకవలెను. పొలమున వానికి పాలు వ్రాయు పెద్దలు పలుకునందును పాలీయవలెను. గెలిచినను గెలువకున్నను వాడు మనవాడే.