ఊడదీయు రైఫిలుకు గురి ఎక్కడ?

కరీంనగరంలో ఎన్.సి.సి. విద్యార్థులు .22 రైఫిలుతో గురి నేర్చుకొందురు. ఈ తూటాలో నిప్పు రగిల్చెడి మందు అడుగు అంచున ఉండును. అందుచేతనే దీనికి రిమ్‌ఫైర్ అని పేరు. 2014 గ్లాస్గో క్రీడలలో హైదరాబాదు క్రీడాకారుడు గగన్ నారంగ్ రజత పతకము పొందిన 50 మీటర్ల ప్రోన్ పోటీలోనూ ఇదే తూటా. అక్కడ పది మార్కుల వలయపు వ్యాసము 10.4 మి.మీ. మాత్రమే!

పోటీ రైఫిలులో గొట్టము కదలదు. గొట్టమును ఊడదీసి సంచిలో పెట్టుకొను రైఫిళ్లు వేరు. మరల బిగించునపుడు 20 మి.మీ. వెడల్పుగల అతుకులో ఒక ప్రక్క 0.02 మి.మీ. సందు మిగిలినదనుకొనుడు. వెంట్రుక మందమైనను లేదు! కాని గొట్టము వేయింట ఒక వంతు వంగినది. 50 మీటర్ల దూరాన గుండు 50 మి.మీ. ప్రక్కకు పోవును.

దుర్భిణి వెనుక భాగముపై ఉన్నచో ఈ దోషమంతయు గురిపై పడును. దుర్భిణి ఎంత ఖరీదైనదైనను ఈ వంపును కనిపెట్టలేదు. బ్యాక్‌సైటు, ఫోర్‌సైటు రెండును గొట్టముమీదనే ఉన్నచో, గొట్టముతోపాటు గురిరేఖయు వంగును. గుండు గురి తప్పదు. 1959లో వచ్చిన ఏ.ఆర్.-7 రైఫిలులో బ్యాక్‌సైటు వెనుక భాగముపైన, ఫోర్‌సైటు గొట్టముపైన ఉన్నవి. అందులో దోషము చాలవరకు తగ్గును గాని పూర్తిగా పోదు. దుర్భిణియే కావలెనన్నవారు దానిని గొట్టమునకే బిగించుకొనుట మేలు.