మండల కమిటీ

1985లో నందమూరి తారక రామారావుగారి ప్రభుత్వము తాలూకాలను తొలగించి మండలములను నెలకొల్పగా, పార్టీలును తమ శాఖలను ఆ కొలతకే కుదించుకొనినవి. నేడు పత్రికలలో తరచుగా కానవచ్చు ‘మండల కమిటీ’ యనుమాట కీ యర్థ మప్పుడు స్థిరపడినది. ఆయన పార్టీ మహానాడులకు పలుమార్లు వేదికయైన గండిపేట, 2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజనవేళ, రాజేంద్రనగర్ మండలమునుండి విడివడి తన పేరిటనే యొక మండలమును పొందినది.

క్రింద బూత్ కమిటీలు, పైన నియోజకవర్గ బాధ్యుడు, నడుమ అధ్యక్ష కార్యదర్శి కోశాధికారులతో మండల కమిటీ నిలుచును. సభ్యత్వము చేర్పించుట, ఓటరు జాబితా సరిచూచుట, వేసవిలో చలివేంద్రము పెట్టుట, నాయకుని జన్మదినమున రక్తదాన శిబిరము నడపుట దీని పనులు. ఫ్లెక్సీపై ఎవరి బొమ్మ యెంత పెద్దదన్న వివాదమును తీర్చుటయు నందొకటి, బహుశః అన్నిటికంటె కఠినమైనది!

సర్పంచి యెన్నికలలో పార్టీ గుర్తు లుండవు గనుక కమిటీ తెరవెనుకనే మెలగును. మండల పరిషత్ ఎన్నికలలో గుర్తుతోనే బయటికి వచ్చును. ఎన్నిక యేదైనను, జలాశయముల రక్షణకై 84 గ్రామములలో నిర్మాణములను కట్టడిచేసిన 1996 నాటి 111 జీవో ప్రసక్తి మాత్రము గండిపేట, మొయినాబాదు ప్రాంతములలో నే పార్టీవారికిని తప్పదు.