అత్తయ్య కళ్ళు అలిసిపోకముందే

బరంపురంలో మా ఇంటి అటక మీద మూడు రేకు పెట్టెల నిండా పాత ఫొటోలు ఉండేవి. పెళ్ళిళ్ళు, ఉపనయనాలు, ఠాకురాణి యాత్రలో వేషాలు, బడి వార్షికోత్సవాలు... అన్నీ కలిపి 1,100 పైచిలుకు. వాటిలో ఎవరెవరో చెప్పగలిగినవారు ఇప్పుడు మా ఇంట్లో ఒక్కరే, మా మేనత్త. ఆవిడకు 86 ఏళ్ళు. జ్ఞాపకశక్తి చెక్కు చెదరలేదు గాని, అరగంట దాటితే కళ్ళ వెంట నీళ్ళు కారతాయి.

కిందటి వేసవిలో ఆ ఫొటోలన్నిటినీ డిజిటల్ కెమెరాతో 'రా' ఫైళ్ళుగా తీసి కంప్యూటరులో పెట్టాను. రా ఎందుకంటే, పాత ఫొటోలు పసుపుబారి వెలిసిపోయాయి. మామూలు జెపెగ్ బొమ్మలో ఒక్కొక్క రంగుకు 256 స్థాయిలే ఉంటాయి. 14 బిట్ల రా ఫైలులో 16,384 ఉంటాయి. వెలిసిన ముఖాన్ని తేటపరచడానికి ఆ తేడా ఎంతో అక్కరకు వస్తుంది.

తీరా అత్తయ్యను కూర్చోబెడితే కథ అడ్డం తిరిగింది. ప్రతి ఫొటోకూ ముందు మసక బొమ్మ, ఎనిమిది పది సెకన్లకు గాని అసలు బొమ్మ రాదు. ముఖం పెద్దది చేస్తే మళ్ళీ అంత ఎదురుచూపు. అరగంటలో 25 ఫొటోలు కూడా కాలేదు. "మొహం తేటపడేసరికి నా కళ్ళు మసకబారుతున్నాయిరా" అని లేచి వెళ్ళిపోయింది. ఈ లెక్కన ఎప్పటికయ్యేను?

కొత్త కంప్యూటరు కొనాలేమో అనుకున్నాను. అసలు జాప్యం ఎక్కడో తెలుసుకున్నాక ఆ అవసరం లేకపోయింది.

కెమెరా సెన్సరులో ఒక్కొక్క గడి ఒక్క రంగునే చూస్తుంది. కొడాక్ సంస్థలో పనిచేసిన బ్రైస్ బేయర్ రూపొందించిన ఈ అమరికకు 1976లో పేటెంటు లభించింది. నేటికీ చాలా కెమెరాలలో ఇదే పద్ధతి. 24 మెగాపిక్సెళ్ళ కెమెరాలో దాదాపు 1.2 కోట్ల గడులు ఆకుపచ్చకు, 60 లక్షలు ఎరుపుకు, 60 లక్షలు నీలానికి. ప్రతి గడికీ లేని రెండు రంగులను పక్క గడులను చూసి ప్రోగ్రాము లెక్కకట్టాలి. అంటే రా ఫైలు వడ్ల బస్తా వంటిది. దంచి, చెరిగి, వండితే గాని విస్తట్లోకి రాదు. ఫొటో తెరిచిన ప్రతిసారీ నేను ఆ వంట మొదటినుంచి చేయిస్తున్నానన్నమాట!

అయితే, తన వెనుక తెర మీద చూపడానికి కెమెరా ఒక జెపెగ్ బొమ్మను వండి ఆ రా ఫైలులోనే దాచిపెడుతుంది. ఎవరో గుర్తుపట్టడానికి చాలామటుకు అదే చాలు. లైట్‌రూమ్ క్లాసిక్‌లో ఫొటోలు చేర్చుకునేటప్పుడు 'ఎంబెడెడ్' ప్రివ్యూ ఎంచుకుంటే ఆ బొమ్మే కనిపిస్తుంది. ఉచితంగా లభించే డిజికామ్ కూడా దాన్ని చూపగలదు. రంగులు దిద్దిన తరువాత మాత్రం ప్రోగ్రాము తన ప్రివ్యూ తాను మళ్ళీ తయారుచేసుకోవలసిందే. కొన్ని కెమెరాలలో ఈ లోపలి బొమ్మ చిన్నది. పెద్దది చేస్తే చెదురుతుంది.

అందుకని నేను చేసుకున్న ఏర్పాట్లు ఇవి. గుంపు ఫొటోలకు ముందురోజు రాత్రే పూర్తి సైజు ప్రివ్యూలు తయారుచేయమని ప్రోగ్రాముకు చెప్పి పడుకుంటాను. మామూలు ప్రివ్యూ వెడల్పును నా తెరకు సరిపడా 1920 పిక్సెళ్ళకు తగ్గించాను. కేటలాగు, ప్రివ్యూలు కంప్యూటరు లోపలి ఎస్ఎస్‌డి మీద, అసలు ఫైళ్ళు విడి హార్డ్ డిస్కు మీద పెట్టాను.

ఇందులో నా పొరపాటు కూడా ఒకటుంది. నెల గడిచాక మళ్ళీ నత్తనడక మొదలైంది. పెద్ద ప్రివ్యూలను 30 రోజులకు చెరిపివేసే సెట్టింగు ఉందని నేను గమనించలేదు. దాన్ని మార్చి, మూడు రాత్రులు వాటిని మళ్ళీ తయారుచేయించాను.

ఇప్పుడు అరగంటకు అరవై ఫొటోలు దాటుతున్నాయి. అత్తయ్య ఒక్కొక్క పేరూ చెబుతుంది, మా అమ్మాయి టైపు చేస్తుంది. ఒకరోజు యాత్ర నాటి గుంపు ఫొటో వచ్చింది. "ఆ మూలది పెద్దది చెయ్యి" అంది. వెంటనే తేటగా వచ్చింది. వెనక వరుసలో, ఎవరి భుజం చాటునో, రెండు జడల పిల్ల. అత్తయ్య చాలాసేపు మాట్లాడలేదు. తొమ్మిదో ఏట జ్వరంతో పోయిన తన చెల్లెలట. ఆ పిల్లకు ఫొటోయే లేదని మేమంతా అనుకుంటూ వచ్చాము. అంతకుముందు ఇదే ఫొటోను, తేటపడేదాకా ఆగలేక, దాటవేశామని అప్పుడు గుర్తొచ్చింది.

ఇంకా 400 ఫొటోలు మిగిలాయి. రోజూ సాయంత్రం నాలుగింటికి కూర్చుంటున్నాము. మీ ఇళ్ళలోనూ ఇటువంటి పెట్టెలూ, పేర్లు చెప్పగల పెద్దలూ ఉంటే, ప్రివ్యూల పని ముందురోజు రాత్రే ముగించుకోండి. వారి అరగంట వారికే దక్కనివ్వండి.