పొయ్యి ముందు పగటికల

అన్నం ఉడుకుతూండగా గరిటె చేతబట్టి నిలుచున్న గృహిణి మనస్సు ఎక్కడ ఉంటుంది? ఎసటి మీదనే ఉంటుందని ఇంటివారి నమ్మకం. నిజానికి అలవాటైన పనిని చేతులకు అప్పగించి మనస్సు ఎటో వెళ్ళివస్తుంది. కూర అడుగంటినప్పుడు మాత్రమే ఈ సంగతి బయటపడుతుంది. అప్పుడు వినవచ్చే మొదటి ప్రశ్న, "ఏ లోకంలో ఉన్నావమ్మా?" అన్నదే.

ఆ ప్రశ్నకు దాచుకోకుండా సమాధానం చెప్పిన ఇల్లాండ్రు బెంగాల్‌లో ఇద్దరు కనిపిస్తారు. ఒకరిది హిందూ కుటుంబం, మరొకరిది ముస్లిం కుటుంబం. ఇద్దరూ ఘోషాలోనే పెరిగారు. ఇద్దరి చదువూ రహస్యంగానే సాగింది.

రాససుందరీ దేవికి పన్నెండవ యేట వివాహమయింది. అది పందొమ్మిదవ శతాబ్ది పూర్వార్ధం. అత్తవారిది తూర్పు బెంగాల్ పల్లెసీమలో కలిగిన కుటుంబం. అత్తగారికి చూపు పోవడంతో ఇంటి భారమంతా కోడలిపై పడింది. పూటపూటకు పాతికమందికి వంట, దేవతార్చన, వచ్చేపోయే అతిథులు, ఒకరి వెనుక ఒకరుగా పన్నెండుమంది బిడ్డలు. అతిథి వచ్చాడనో, పసివాడు ఏడ్చాడనో విస్తరి ముందు నుంచి లేచి వరుసగా రెండు రోజులు పస్తున్న వృత్తాంతాన్ని ఆమె నిష్ఠూరం లేకుండా వ్రాసుకున్నది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియనే లేదు. ఇక మర్యాద మాట చెప్పనక్కరలేదు. భర్తగారి గుర్రం ముంగిట పోసిన ధాన్యం మేస్తూంటే, అది ఆయన గుర్రం గనుక దాని కంట పడకూడదని ఆమె లోపలే దాగి ఉండిపోయింది!

ఇటువంటి ఇల్లాలికి చైతన్య భాగవతాన్ని స్వయంగా చదవాలనే కోరిక పుట్టింది. చదువుకున్న స్త్రీ వైధవ్యం పాలవుతుందని పెద్దలు బెదిరించే కాలమది. పగలంతా పనిచేస్తూ లోలోపల ఆ కోరికనే మననం చేసుకునేది. ఒక రాత్రి ఆ గ్రంథాన్ని తాను చదువుతున్నట్టు కల వచ్చింది. మెలకువ వచ్చిన తరువాత కూడా ఆ ఆనందం ఆమెను వదలలేదు. దైవికంగా ఆనాడే భర్త ఆ గ్రంథాన్ని వంటింటి దగ్గర ఉంచి, దానిని లోపల పెట్టమని కొడుకుతో చెప్పడం ఆమె చెవిన పడింది. విడిపత్రాల ప్రతి అది. అందులో నుంచి ఒక పత్రాన్ని ఆమె తీసి దాచింది. కొడుకు అక్షరాలు దిద్దుకున్న తాటాకు ఒకటి కూడా సంపాదించింది. చిన్ననాడు పుట్టింట మగపిల్లల బడిలో ఒక ప్రక్కన కూర్చుని విన్న అక్షరాలు మనస్సులో ఎక్కడో మిగిలి ఉన్నాయి. తాటాకు మీది అక్షరాన్ని పత్రం మీది అక్షరంతో, ఆ రెండింటినీ తన జ్ఞాపకంతో పోల్చుకుంటూ ఆమె చదువు నేర్చింది. అదంతా వంటింట్లోనే, వంట చేస్తూనే జరిగింది. మేలిముసుగు ఆమె ముఖాన్ని లోకానికి కనబడనీయలేదు. అదే ముసుగు చేతిలోని పత్రాన్ని కూడా లోకానికి కనబడనీయలేదు. ఆమె స్వీయచరిత్ర "ఆమార్ జీబన్" 1876లో వెలువడింది. బెంగాలీ భాషలో స్త్రీ వ్రాసిన తొలి స్వీయచరిత్రగా దానిని పరిగణిస్తారు.

పాత్రలు తోముతూ పాట పాడుకుంటే శ్రమ తెలియదని గృహిణులకు బోధించే వ్యాసాలకు ఏ కాలంలోనూ కొదవ లేదు. పాట మంచిదే. కానీ పాడినంత మాత్రాన పాత్రల సంఖ్య తగ్గదు. రాససుందరి కల ఆమెకు పనిని మరపించలేదు. ఆ పని మధ్యనే ఆమె తనదంటూ కాస్త చోటు చేసుకున్నది. రెండవ ఇల్లాలి కల ఇంకా ముందుకు వెళ్ళి, వంటింటినే మార్చివేసింది.

రోకియా సఖావత్ హుసేన్ 1880లో రంగపూర్ ప్రాంతంలోని పైరాబంద్‌లో జన్మించింది. రాత్రివేళ ఇల్లు సద్దుమణిగిన తరువాత అన్నగారు దీపం వెలుగులో ఆమెకు ఇంగ్లీషు నేర్పేవాడు. భర్త సఖావత్ హుసేన్ భాగల్పూర్‌లో డిప్యూటీ మేజిస్ట్రేటు, ఆమెకంటె వయస్సులో చాలా పెద్దవాడు, అయితే విశాల హృదయుడు. ఒకసారి ఆయన రెండు రోజులు పర్యటనకు వెళ్ళగా, ఇంట ఒంటరిగా ఉన్న రోకియా ప్రొద్దుపోవడానికి ఇంగ్లీషులో ఒక కథ వ్రాసింది. భర్త తిరిగివచ్చి నిలుచున్నపాటునే దానిని ఆసాంతం చదివి, ఇది భయంకరమైన ప్రతీకారమన్నాడట. ఆ "సుల్తానా కల" 1905లో మద్రాసు నుంచి వెలువడే "ఇండియన్ లేడీస్ మ్యాగజైన్"లో అచ్చయింది. 1901లో ఆ పత్రికను స్థాపించి నడిపిన కమలా సత్తియనాథన్ మన తెలుగింటి ఆడపడుచు.

కథలోని స్త్రీ పడకగదిలో వాలుకుర్చీలో మేను వాల్చి, హిందూదేశపు స్త్రీల స్థితిని గురించి ఆలోచిస్తూ ఉంటుంది. నిద్రపోయిందో లేదో ఆమెకే తెలియదు. ఇంతలో ఒక స్నేహితురాలు వచ్చి ఆమెను స్త్రీలు పాలించే దేశానికి తీసుకుపోతుంది. అక్కడ పురుషులు ఘోషాలో ఉంటారు. ఈ తారుమారు చూసి నవ్వుకునే పాఠకులు వంటింటి ఘట్టాన్ని చప్పున దాటిపోతారు గాని, రచయిత్రి మనస్సు నిలిచింది అక్కడనే అనిపిస్తుంది. ఆ వంటిల్లు కూరగాయల తోట నడుమ ఉంటుంది. తీగలు, టొమాటో మొక్కలే దానికి అలంకారం. పొగ లేదు, పొగగొట్టం లేదు, బొగ్గు లేదు. ఎండవేడిమిని కేంద్రీకరించి గొట్టం ద్వారా తెచ్చి వంట చేస్తారు. మేఘాలకు అందేటట్టు బెలూనును పైకి పంపి నీరు రాబట్టుకుంటారు. ఆఫీసు పని రెండు గంటలలో ముగుస్తుంది. పురుషులకు ఏడు గంటలు ఎందుకు పట్టేవంటే, అందులో ఆరు గంటలు చుట్టలు కాల్చడానికే సరిపోయేవని లెక్క కట్టి మరీ చెబుతుంది.

పొగలో కళ్ళు నులుముకున్నవారికి తప్ప ఇటువంటి ఊహ పుట్టదు. ఎడారి బాటసారికి చలివేంద్రం ఎట్లాగో, ఆనాటి గృహిణికి పొగలేని వంటిల్లు అట్లా. అయితే పురుషులందరినీ నాలుగు గోడల మధ్య బంధించడం న్యాయమా అన్న ప్రశ్న మిగిలే ఉన్నది. కథలోని ఆ దేశం మన దేశానికి అద్దంలోని ప్రతిబింబమే గాని, అన్యాయం లేని దేశం కాదు. వ్యంగ్య రచన గనుక రచయిత్రి ఆ తీర్పును పాఠకులకే వదలిపెట్టింది.

ఆ కాలంలోనే "సుగృహిణి" అనే బెంగాలీ వ్యాసంలో రోకియా ఇదే విషయాన్ని గంభీరంగా చర్చించింది. వంట చేయడానికి రసాయన శాస్త్రం, పథ్యపానాలకు వైద్యం, పెరటికి ఉద్యానశాస్త్రం తెలియాలి గదా, మరి చదువు లేకుండా మంచి గృహిణి కావడం ఎట్లా అని ఆమె వాదం. ఆడవారికి ఇల్లు చక్కబెట్టుకోవడం చాలునన్న పెద్దల మాటనే తీసుకుని, దానితోనే వారికి ముకుతాడు వేయడం ఆమె చాతుర్యం.

గొట్టంలో వచ్చే ఎండ కూడా కల్పనగా మిగిలిపోలేదు. తిరుమలలో 2002 నాటికి 106 సూర్యదర్పణాలను నెలకొల్పి, వాటి వేడితో పుట్టిన ఆవిరిని గొట్టాల ద్వారా వంటశాలకు పంపే ఏర్పాటు చేశారు. రోజుకు దాదాపు పదిహేను వేలమందికి వంట చేయడం ఆ ఏర్పాటు లక్ష్యం. దర్పణాలను రూపొందించినవారు రోకియా కథ చదివి ఉండనక్కరలేదు. రోకియా మాత్రం కథలో ఎగిరే బండిని ఊహించిన పాతికేళ్ళకు, 1930లో నిజంగానే విమానమెక్కి, ఆ యాభై మైళ్ళ ప్రయాణాన్ని గురించి వ్యాసం వ్రాసింది.

1909లో భర్త మరణించాడు. పుట్టిన ఇద్దరు బిడ్డలూ అంతకుముందే పసితనంలో పోయారు. భర్త విడిచివెళ్ళిన సొమ్ముతో ఆమె బాలికల పాఠశాల పెట్టింది. 1911లో కలకత్తాలో తిరిగి ప్రారంభించినప్పుడు విద్యార్థినులు ఎనిమిదిమంది. ఇంటింటికీ తిరిగి, పరదా తప్పదని మాట ఇచ్చి, ఆడపిల్లలను మూసిన బండిలో బడికి తెచ్చుకోవలసివచ్చింది. కలలో ఘోషాను పురుషులకు అంటగట్టిన స్త్రీ మెలకువలో ఆ ఘోషాతోనే బేరమాడుకున్నది. అందుకు ఆమెను నిందించినవారూ ఉన్నారు. కానీ బండి రాకపోతే ఆ పిల్లలు అసలు ఇల్లు కదిలేవారే కారు.

1932 డిసెంబరు 9న తెల్లవారుజామున ఆమె కన్నుమూసింది. ముందటి రాత్రి వ్రాస్తూ వ్రాస్తూ ఆపిన వ్యాసం బల్ల మీద బరువు క్రింద దొరికింది. స్త్రీల హక్కులను గురించిన ఆ వ్యాసం సగంలోనే నిలిచి ఉన్నది.