తలుపు కొట్టింది పోలీసులైతే?

మలక్‌పేటలో నేను అద్దెకుండే ఇంటి ఓనర్ ఆంటీకి ఓ గట్టి నమ్మకం. సాఫ్ట్‌వేర్ వాళ్లకి తెలియనిది ఉండదని! మొన్న వాట్సాప్‌లో వచ్చిన కార్డన్ సెర్చ్ వీడియో చూపించి, "పొద్దుగాల పొద్దుగాల పోలీసులొచ్చి తలుపు తియ్యమంటే తియ్యాల్నా బాబూ? వారంట్ ఉందా అని అడగొచ్చా?" అంది. ఇంట్లో ఉండేది ఆమె, ఇద్దరు కూతుళ్లు. అంకుల్ దుబాయ్‌లో ఉంటారు. తెలీదని చెప్పడానికి నామోషీ అనిపించి, "చూసి చెప్తా ఆంటీ" అన్నా. తీరా చూస్తే, నేను ఇన్నాళ్లూ అనుకున్నదే తప్పు.

వారంట్ లేకపోతే పోలీసులు గడప దాటకూడదని సినిమాలు చూసి ఫిక్సయిపోయాం. పూర్తిగా నిజం కాదు. 2024 జులై 1 నుంచి సీఆర్‌పీసీ పోయి భారతీయ నాగరిక సురక్షా సంహిత వచ్చింది. దాని 185వ సెక్షన్ ప్రకారం, ఆలస్యమైతే పని చెడుతుందనుకుంటే స్టేషన్ అధికారి గానీ, దర్యాప్తు అధికారి గానీ వారంట్ లేకుండానే ఇల్లు వెతకొచ్చు. అయితే ఊరికే కాదు. ఒక కేసు దర్యాప్తులో ఉండాలి. ఏ వస్తువు కోసం వెతుకుతున్నాడో, అది ఆ ఇంట్లోనే ఉందని ఎందుకు నమ్ముతున్నాడో ముందే కేసు డైరీలో రాయాలి. ఆ కాపీని 48 గంటల్లోపు మేజిస్ట్రేట్‌కి పంపాలి. ఇంటివాళ్లు దరఖాస్తు పెట్టుకుంటే వాళ్లకీ ఓ కాపీ ఫ్రీ.

కార్డన్ సెర్చ్‌తో నా పేచీ ఇక్కడే. గల్లీ రెండు చివర్లా పోలీసుల్ని నిలబెట్టి వరసపెట్టి అన్ని తలుపులూ కొడితే, ఏ ఇంట్లో ఏముందని డైరీలో రాసినట్టు? రోడ్డు మీద బండి కాగితాలు చూడటం వేరు, బీరువా తెరిపించడం వేరు.

ఇక చెప్పాపెట్టకుండా లోపలికి దూరడం సంగతి. తానెవరో, ఎందుకొచ్చాడో చెప్పి, తలుపు తియ్యమని అడగాలి. అప్పటికీ తియ్యకపోతేనే బద్దలు కొట్టే అధికారం వస్తుంది. అరెస్టు చేయాల్సిన మనిషి కాకుండా పరదా పాటించే ఆడవాళ్లు ఎవరైనా ఆ గదిలో ఉంటే, ముందుగా చెప్పి, వాళ్లు పక్కకు వెళ్లే వీలు కల్పించాలి. ఇది 44వ సెక్షన్. 1898 నాటి పాత చట్టంలోనూ ఉన్న ముక్కే, పాతబస్తీ కోసమే రాసినట్టు ఉంటుంది. అలాగని వారంట్ చూపించాక కూడా "తియ్యను పో" అంటే కుదరదు. తియ్యాల్సిందే.

దీని వెనక ఓ పాత కథ ఉంది. ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే ఆయన్ని 1941లో దోపిడీ కేసులో పట్టుకుని, సాక్ష్యం లేక వదిలేశారు. కానీ హిస్టరీ షీట్ మాత్రం తెరిచారు. రాత్రిళ్లు వెళ్లి తలుపు బాదడం, నిద్ర లేపడం, ఉన్నాడా లేడా అని చూడటం. ఆయన సుప్రీంకోర్టుకెళ్లాడు. 1962లో ఆరుగురు జడ్జీల బెంచ్ ఆ రాత్రి సోదాలు చెల్లవని కొట్టేసింది, కానీ ప్రైవసీ ప్రాథమిక హక్కు కాదంది. ఒప్పుకోని ఇద్దరిలో ఒకరు మన రాజమండ్రి జస్టిస్ కోకా సుబ్బారావు. ప్రైవసీ వ్యక్తి స్వేచ్ఛలో భాగమేనని, నిఘా రూల్ మొత్తం తప్పని ఆయన విడిగా రాశారు. 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది జడ్జీలు ప్రైవసీ ప్రాథమిక హక్కేనన్నారు. యాభై అయిదేళ్ల తర్వాత మన సుబ్బారావుగారి మాటే నిలిచింది.

హైదరాబాద్ కేసూ ఒకటుంది. 1986లో మన రాష్ట్రం స్టాంపు చట్టాన్ని సవరించి, కలెక్టర్ పంపిన ఎవరైనా సరే వెళ్లి కాగితాలు తనిఖీ చేయొచ్చంది. కెనరా బ్యాంక్ పోరాడింది. సరైన కారణం, అదుపు లేని అధికారం చెల్లదని 2004లో సుప్రీంకోర్టు తేల్చింది.

ఒక్క చోట మాత్రం ఆంటీకి చెప్పడానికి నాకే నోరు రాలేదు. సోదా రూల్ ప్రకారం జరగకపోయినా, అందులో దొరికింది కోర్టులో సాక్ష్యంగా పనికొస్తుంది. 1973లో పూరన్ మల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట ఇది. అమెరికాలో మామూలుగా అలాంటి సాక్ష్యాన్ని పక్కన పెట్టేస్తారు. మా భాషలో చెప్పాలంటే, వాలిడేషన్ ఫెయిలైనా డేటా సేవ్ అయిపోతుంది.

కొత్త చట్టంలో నాకు నచ్చింది 105వ సెక్షన్. సోదా మొత్తం వీడియో తియ్యాలి, వీలైతే మొబైల్‌తోనే. 2021లో మన సిటీలోనే పోలీసులు రోడ్డు మీద కుర్రాళ్ల ఫోన్లు తీసుకుని చాట్‌లో 'గంజాయి' అని వెతికిన వీడియోలు వైరల్ అయ్యాయి, గుర్తుందా? ఇప్పుడు ఫోన్ అటువైపు తిరిగింది. వీడియో తీస్తున్నారా అని అడగడం తప్పేం కాదు.

ఇదంతా ఆంటీకి వివరంగా చెప్పా. ఇల్లు వెతుకుతుంటే మీరు దగ్గరుండొచ్చు, ఆడవాళ్లని ఆడపోలీసే తనిఖీ చేయాలి, తీసుకెళ్లే వస్తువుల లిస్టు కాపీ మీకివ్వాలి, చుట్టుపక్కల పెద్దమనుషులు కనీసం ఇద్దరు సాక్షులుండాలి అని. చివరి మాట దగ్గర ఆంటీ ఆగిపోయింది.

"పక్కింటోళ్లతో మాకు మాటల్లేవు గదా బాబూ. ఎదురింటోళ్లని పిలవమని అనొచ్చా?"

"అడగొచ్చు ఆంటీ. పిలిచేది మాత్రం వాళ్లే."

ఆ సాయంత్రం ఆంటీ పక్కింటికి గిన్నెడు డబుల్ కా మీఠా పంపించింది.